పాఠం 14: పనిలో గాయపడినవారికి నష్టపరిహారం

14.1 ఉద్దేశ్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
- పనిలో ప్రమాదం జరిగినప్పుడు నష్టపరిహారం ఎవరు, ఎప్పుడు చెల్లించాలో చెప్పగలుగుతారు.
- నష్టపరిహారాన్ని స్వయంగా లెక్క వేయగలుగుతారు.
- యజమానితో రాజీ పత్రం రాసుకునే ముందు ఏ జాగ్రత్తలు తీసుకోవాలో వివరించగలుగుతారు.

14.2 పరిచయం

గుజరాత్‌లోని సూరత్ నగరం బట్టల పరిశ్రమకు పేరు పొందింది. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ ప్రాంతాల నుండి ఎన్నో చేనేత కుటుంబాలు అక్కడికి వలస వెళ్ళాయి. లింబాయత్, ఉధనా వంటి చోట్ల తెలుగు మాట వినిపిస్తుంది. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడిపింది. మనవాళ్ళు 'సాంచాలు' అని పిలిచే మరమగ్గాల మీద చాలామంది పని చేస్తారు.

ఒక సంఘటన ఊహించుకుందాం. 30 సంవత్సరాల సాంచా కార్మికుడు ఒకరు నెలకు 12,000 రూపాయలు సంపాదిస్తున్నారు. ఒక రాత్రి చేయి యంత్రంలో పడి, బొటనవేలు కాక రెండు వేళ్ళు తెగిపోయాయి. సేటు ఆసుపత్రి ఖర్చు పెట్టుకున్నాడు. నెల తర్వాత ఒక స్టాంపు కాగితం తెచ్చి, "ఈ 40,000 తీసుకో. ఇక నాకూ నీకూ లెక్క లేదని సంతకం పెట్టు" అన్నాడు. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. ఆ కార్మికుడు సంతకం చేయవచ్చా? జవాబు కోసం ముందుగా చట్టాన్ని తెలుసుకుందాం.

14.3 చట్టం ఏమి చెబుతుంది?

మన దేశంలో ఈ విషయమై మొదటి చట్టం 1923లో వచ్చింది. అదే కార్మికుల నష్టపరిహార చట్టం. 2010 నుండి దానిని ఉద్యోగుల నష్టపరిహార చట్టం అన్నారు. 2025 నవంబరు 21 నుండి దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్, 2020 అమలులోకి వచ్చింది. అంతకు ముందు జరిగిన ప్రమాదాలకు పాత చట్టమే వర్తిస్తుంది. లెక్క వేసే పద్ధతి రెండింటిలోనూ ఒకటే.

పని చేస్తుండగా, పని కారణంగా గాయమైతే యజమాని నష్టపరిహారం చెల్లించాలి. తప్పు యజమానిదే అని కార్మికుడు నిరూపించనవసరం లేదు. కాంట్రాక్టరు ద్వారా పనిలో చేరినవారు అసలు యజమానినే అడగవచ్చు. మద్యం మత్తులో ఉండటం, రక్షణ నియమాలను కావాలని ఉల్లంఘించడం వంటి కారణాలు చూపి యజమాని కాదనవచ్చు. అయితే మరణం లేదా శాశ్వత పూర్తి వైకల్యం కలిగితే ఆ సాకులు చెల్లవు.

గమనిక: ఈ.ఎస్.ఐ. పథకంలో ఉన్నవారికి పరిహారం ఈ.ఎస్.ఐ. నుండే అందుతుంది. కాబట్టి మీ పేరు అందులో ఉన్నదో లేదో ముందుగా తెలుసుకోండి.

14.4 రాష్ట్రం మారితే హక్కు మారుతుందా?

మారదు. ఇది కేంద్ర చట్టం. సూరత్‌లోనైనా, సిరిసిల్లలోనైనా లెక్క ఒకటే. దావాలు వినే అధికారిని నియమించేది మాత్రం రాష్ట్ర ప్రభుత్వం.

ప్రమాదం జరిగిన చోటనే దావా వేయాలన్న నిర్బంధం లేదు. బాధితుడు లేదా అతనిపై ఆధారపడినవారు నివసించే ప్రాంతపు అధికారి వద్ద కూడా వేయవచ్చు. గాయపడి స్వగ్రామానికి తిరిగి వచ్చినవారికి ఇది పెద్ద ఆసరా. పాత చట్టంలో దావా గడువు 2 సంవత్సరాలు. ఏ సందర్భంలోనైనా ఆలస్యం చేయకపోవడం మంచిది.

14.5 లెక్క వేసే విధానం

శాశ్వత పూర్తి వైకల్యానికి: నెల వేతనంలో 60 శాతం × వయసును బట్టి చట్టం ఇచ్చిన గుణకం. మరణానికి 60కి బదులు 50 శాతం తీసుకోవాలి. పాక్షిక వైకల్యానికి, పూర్తి వైకల్యపు మొత్తంలో చట్టపు పట్టిక చూపిన శాతం ఇస్తారు.

మన ఉదాహరణలో:
- 12,000లో 60 శాతం = 7,200
- 30 ఏళ్ళకు గుణకం 207.98
- 7,200 × 207.98 = 14,97,456
- ఒక చేతి రెండు వేళ్ళు పోతే 20 శాతం
- రావలసినది = 2,99,491 రూపాయలు

సేటు ఇస్తానన్నది 40,000. తేడా ఎంతో మీరే చూడండి.

పట్టికలోని శాతమే చివరి మాట కాదు. ఒడిశాలోని జయపురంలో 1968లో ఒక వడ్రంగి పనిలో పడిపోగా, ఎడమ చేయి మోచేతి పైభాగాన తీసివేయవలసి వచ్చింది. ఇది పాక్షిక వైకల్యమేనని యజమాని వాదించాడు. ఒంటి చేతితో వడ్రంగం చేయలేడు కనుక ఇది పూర్తి వైకల్యమేనని సుప్రీంకోర్టు 1975లో తీర్పు చెప్పింది. అంటే, పోయిన అవయవంతో పాటు పోయిన పనిని కూడా చూడాలి.

14.6 రాజీ పత్రం

రాజీ పడటం తప్పు కాదు. కానీ ఆ ఒప్పందాన్ని అధికారి వద్ద నమోదు చేయించాలి. మొత్తం తక్కువగా ఉన్నా, మోసంతో లేదా ఒత్తిడితో సంతకం తీసుకున్నా అధికారి నమోదుకు నిరాకరించవచ్చు. నమోదు చేయించకపోతే యజమాని చట్టం ప్రకారం పూర్తి మొత్తానికి బాధ్యుడు. అధికారి వేరుగా ఆదేశిస్తే తప్ప, ముందు ఇచ్చిన డబ్బులో సగానికి మించి తగ్గించుకోలేడు. చట్టం ఇచ్చిన హక్కును వదులుకుంటానని రాసిన కాగితం చెల్లదు.

కాబట్టి ఆ కార్మికుడు ఇప్పటికే సంతకం చేసి ఉన్నా, దారి మూసుకుపోలేదు. చేయకపోతే మరీ మంచిది.

ప్రమాదం జరిగిన వెంటనే:
1. యజమానికి రాతపూర్వకంగా తెలియజేసి, నకలు దాచుకోండి.
2. ఆసుపత్రి కాగితాలన్నీ భద్రపరచండి.
3. వేతనానికి రుజువు, తోటి కార్మికుల సాక్ష్యం సేకరించండి.
4. చదవని కాగితంపై సంతకం గాని, వేలిముద్ర గాని వేయవద్దు.

14.7 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. తప్పు యజమానిదని కార్మికుడు నిరూపించాలా?
2. 40 ఏళ్ళ కార్మికుని నెల వేతనం 10,000. ఒక బొటనవేలు పోయింది (30 శాతం). గుణకం 184.17. పరిహారం ఎంత?
3. మీకు తెలిసినవారిలో ఎవరైనా పనిలో గాయపడ్డారా? వారికి ఏమి అందింది? పది వాక్యాలలో రాయండి.

జవాబులు: 1. అవసరం లేదు. 2. 3,31,506 రూపాయలు. 3. మీ అనుభవం నుండి రాయండి.