ద్రాక్షారిష్టమును రుచి చూచి గుర్తించుట ఎట్లు?

తిరుపతి, చిత్తూరు ప్రాంతములలోని పలు గృహములలో బాలింతకు దశమూలారిష్టము, నీరసమునకు ద్రాక్షారిష్టము ఇచ్చుట వాడుకలో నున్నది. సీసాను కొని తెచ్చుకొందుము గాని, అందలి మందు మంచిదో చెడినదో పరీక్షించు అలవాటు మనకు లేదు. నా వద్దకు వచ్చు గృహిణులలో పలువురు "ఇందులో సారాయి ఉన్నదా అయ్యా?" అని సంశయించుచు అడుగుదురు. మద్యాంశము ఉన్నది. దానిని దాచుట వైద్యధర్మము కాదు. అది ఎట్లు పుట్టును, మంచి అరిష్టమును ఎట్లు గుర్తింపవలెను, ఎవరు దానికి దూరముగ నుండవలెను అను మూడు విషయములను ఈ పాఠమున తెలిసికొందము.

ఆసవము – అరిష్టము

చరక సంహిత సూత్రస్థానమున ధాన్యములు, ఫలములు, వేళ్ళు, పుష్పములు మొదలగు తొమ్మిది మూలములనుండి చేయదగిన 84 ఆసవములు చెప్పబడినవి. అందు 26 ఫలములతో చేయునవి. మూలికలను కాచకుండ నీటిలో నానవేసి పులియబెట్టినది ఆసవము. కషాయము కాచి పులియబెట్టినది అరిష్టము అని శార్ఙ్గధరుని విభాగము. గ్రంథభేదమును బట్టి ద్రాక్షాసవమునకు కూడ కషాయము కాచుట కలదు.

ద్రాక్షారిష్టమునకు ఎండుద్రాక్షను నీటిలో కాచి, నాలుగవ వంతు మిగిలినంతనే వడగట్టి, బెల్లము కలుపుదురు. దాల్చినచెక్క, ఏలకులు, ఆకుపత్రి, నాగకేసరములు, మిరియాలు, పిప్పళ్ళు, వాయువిడంగములు మున్నగువాని చూర్ణమును చేర్చి, నేయి పూసిన కుండలో పోసి, మూత బిగించి సుమారు నెల దినములు కదలింపక ఉంచుదురు. కుండను ధాన్యపు రాశిలోగాని గోతిలోగాని ఉంచుటకు కారణము లేకపోలేదు. పగటి వేడి, రాత్రి చలి సోకక ఒకే ఉష్ణము నిలిచినపుడే పులియుట సమముగ జరుగును.

బెల్లమును మద్యముగ మార్చునది కంటికి కనబడని ఈస్టు. అరిష్టములలో తరచుగ వేయు ధాతకీ పుష్పములు, అనగా ఆరెపువ్వు, తమ వగరుతోను, తేనెతోను ఈ క్రియకు తోడ్పడును. తూర్పు కనుమల కొండలలో ఈ పొద పెరుగును. బెల్లము విషయమున చిత్తూరు సీమవారికి వేరుగ చెప్ప పనిలేదు. అయినను ఒక్క మాట: రంగు తేలుటకు హైడ్రోస్ వేసిన పచ్చని బెల్లము ఈ పనికి తగదు. అందలి గంధకపు అంశము ఈస్టును అణచును. సహజమైన గోధుమ వన్నె గల బెల్లమే శ్రేష్ఠము.

పక్వమైనదని తెలియుట

ఔషధశాలలలో నేటికిని కొన్ని పాత పరీక్షలు ఆచరణలో నున్నవి. కుండకు చెవి ఆనించినచో పులియుచున్నపుడు బుసబుస శబ్దము వినవచ్చును. పక్వమైన పిదప నిశ్శబ్దము. వెలుగుచున్న అగ్గిపుల్లను కుండ మూతి లోపల ఉంచినచో పులియుచున్నపుడు బొగ్గుపులుసు వాయువు వలన ఆరిపోవును. పక్వమైనచో వెలుగుచునే యుండును. ఆ వాయువును సున్నపుతేటలోనికి పోనిచ్చినచో తేట పాలవలె తెల్లబడును. పక్వమైన పిదప తెల్లబడదు. పైకి తేలిన పువ్వులు, చూర్ణము అడుగునకు దిగును.

రుచి చూచు విధానము

ఐరోపా ఖండమున ద్రాక్షమద్యముల గుణమును నిర్ణయించువారు గ్లాసును వెలుతురున చూచి, వాసన పీల్చి, గుక్కెడు నోట నిలిపి, పిదప ఉమ్మివేయుదురు. త్రాగుట వేరు, పరీక్షించుట వేరు అను వివేకము అందు కలదు. అదే క్రమమును మన అరిష్టమునకును వినియోగింపవచ్చును.

1. చూపు: చెంచాడు మందును గాజు గ్లాసులో పోసి పగటి వెలుతురున చూడవలెను. ముదురు గోధుమ వన్నె, తేటదనము ఉండవలెను. అడుగున కొద్దిపాటి మడ్డి దోషము కాదు. పైన బూజు పొర దోషము. మూత తీయగానే నురుగు పొంగినచో లోపల ఇంకను పులియుచున్నదని అర్థము.

2. వాసన: ఏలకుల, దాల్చినచెక్కల పరిమళము, ఎండుద్రాక్ష తీపి వాసన రావలెను. ముక్కును గుచ్చు పుల్లని వాసన వచ్చినచో అది వినెగరుగ మారినది. మన గ్రంథములలో శుక్తమనునది అదియే. ద్రాక్షమద్యము పులిసి చెడుటకు సూక్ష్మజీవులే కారణమని 1860 దశకమున లూయీ పాశ్చర్ నిరూపించెను.

3. రుచి: నాలుకపై కొంతసేపు నిలిపినచో మొదట మధురము, పిదప మిరియాల, పిప్పళ్ళ కారము, చివరకు వగరు తెలియవలెను. కొద్ది పులుపు సహజము. పులుపే ముందు తోచినచో మందు చెడినది. తీపి మాత్రమే ఉండి కారము, వగరు లేనిచో అది పానకమే గాని అరిష్టము కాదు.

సీసా తెరచిన పిదప గాలి సోకి పులుపెక్కును. కనుక మూత గట్టిగ బిగించి, పొయ్యికి దూరముగ ఉంచవలెను.

మోతాదు – నిషేధము

పెద్దలకు సాధారణముగ 12 నుండి 24 మిల్లీలీటర్లు, సమభాగము నీటితో, భోజనానంతరము. అరిష్టమున 8 శాతము మద్యాంశమున్నచో 20 మిల్లీలీటర్లలో దాని పరిమాణము 1.6 మిల్లీలీటర్లు. 12 శాతము గల ద్రాక్షమద్యము 150 మిల్లీలీటర్ల గ్లాసులో 18 మిల్లీలీటర్లు ఉండును. భేదము గొప్పది. అయినను ఆ భేదము మోతాదు వలన వచ్చినదేగాని, మందు పేరు వలన వచ్చినది కాదు. గ్లాసులతో త్రాగినచో అరిష్టమును మద్యమే.

ముఖ్యముగ గమనింపవలసినది: త్రాగుడు మానుటకై డైసల్ఫిరామ్ మాత్రలు వాడుచున్నవారికి ఇంటివారు బలమునకని అరిష్టము ఇచ్చుట అపాయకరము. కొద్ది మద్యాంశమునకే ముఖము ఎర్రబారుట, వాంతులు, గుండెదడ, ఆయాసము కలుగవచ్చును, ఒక్కొక్కపుడు ప్రాణాపాయము. మెట్రోనిడజోల్ వాడువారును మానవలెను. మాత్రలు వాడకున్నను, త్రాగుడు మానినవారికి ఈ రుచి పాత కోరికను లేపవచ్చును. కాలేయ వ్యాధి గలవారు, గర్భిణులు సేవింపరాదు. బెల్లము హెచ్చుగనుండుటచే మధుమేహ రోగులకును తగదు. పిల్లలకు వైద్యుని ఆజ్ఞ లేనిదే ఈయరాదు. అట్టివారికి కషాయ, చూర్ణ రూపములలో వేరు మందులు కలవు, వైద్యుని అడుగుడు.

విధి, మాత్ర, కాలము, హితాహారము, బలము చూచి సేవించిన మద్యము అమృతతుల్యమనియు, అట్లు కానిది విషతుల్యమనియు చరకుడు వచించెను. మద్యపానమున ఎంత తక్కువయైనను ఆరోగ్యమునకు నిరపాయమనదగిన పరిమాణము లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించినది. కనుక అరిష్టమును అవసరమైనపుడు, అవసరమైనన్ని దినములే, కొలత గిన్నెతో కొలిచి వాడుడు. రోగము తగ్గిన పిదప సీసా మిగిలినదను కారణమున సేవనము కొనసాగింపకుడు.