లాగని బండి

“బండి లాగడం లేదు.” మరమ్మతు కోసం కారు తెచ్చిన యజమాని చెప్పే మొదటి మాట ఇదే. చాలా సందర్భాలలో చివరి మాట కూడా ఇదే. వైద్యుని ఎదుట కూర్చుని ‘ఒంట్లో నలతగా ఉంది’ అనడం వంటిదే ఇది. బాధ తెలుస్తుంది గాని వ్యాధి తెలియదు. రెండు వరుసల రహదారిపై ముందున్న లారీని దాటబోతూ, ఎదురుగా బస్సు వస్తుండగా, యాక్సిలరేటరు ఎంత నొక్కినా వేగం అందుకోని కారులో కూర్చున్నవారికి ఈ నలత ఎంతటి ప్రాణాపాయమో వేరుగా చెప్పనక్కరలేదు.

జర్మనీ దేశీయుడైన నికొలాస్ ఆటో 1876లో నాలుగు ఘాతాల ఇంజనును జయప్రదంగా నడిపించాడు. చూషణం, సంపీడనం, దహనం, నిష్కాసనం అనే ఆ క్రమమే నేటి పెట్రోలు కార్లలోనూ కొనసాగుతున్నది. ఇంజనుకు కావలసినవి స్వల్పమే. తగినంత గాలి, దానికి తగిన ఇంధనం, గట్టి సంపీడనం, సరియైన క్షణంలో ఒక నిప్పురవ్వ, కాలిన వాయువు వెలుపలికి పోవడానికి అడ్డులేని మార్గం. వీటిలో ఏది కొరవడినా బండి లాగదు. ఏది కొరవడిందో తెలుసుకోవడమే అసలు విద్య.

అయితే ఇంజనును విప్పడానికి ముందు నేరం ఇంజనుదేనా అని విచారించాలి. కొంత దూరం నడిపి ఆపిన తరువాత ఒక చక్రం వద్ద మాత్రమే అధికమైన వేడి తగులుతూ ఉంటే, అక్కడ బ్రేకు పూర్తిగా వదలడం లేదని అనుమానించవచ్చు. ఇంజను మోత పెరుగుతూ వేగం మాత్రం పెరగకపోతే క్లచ్చి జారుతున్నదన్నమాట. చక్రాలలో గాలి తగ్గినా బండి బరువెక్కినట్లే ఉంటుంది. కొన్నిచోట్ల దోషమే ఉండదు. సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉన్న ఊటీలో గాలి పలుచన. టర్బో లేని ఇంజను అక్కడ తన శక్తిలో దాదాపు ఐదవ వంతు కోల్పోతుంది. అందుకు మెకానిక్‌ను నిందించి ప్రయోజనం లేదు.

గాలితో ఆరంభిద్దాం. ఒక పాలు పెట్రోలు పూర్తిగా కాలడానికి బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. దుమ్ముతో పూడిన ఎయిర్ ఫిల్టరు ఈ గాలికి అడ్డుపడుతుంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో వెలువరించిన పరీక్షా ఫలితాలలో ఒక విశేషం ఉన్నది. కంప్యూటరు నియంత్రణ గల కార్లలో ఫిల్టరు మూసుకుపోయినా మైలేజీ చెప్పుకోదగినంతగా తగ్గలేదు. వేగం అందుకునే శక్తి మాత్రం తగ్గింది. కాబట్టి ‘మైలేజీ బాగానే వస్తోంది, ఫిల్టరుకేమీ కాలేదు’ అనే వాదం నిలువదు.

ఇంధన లోపానికి ఒక ప్రత్యేక లక్షణం ఉంది. నిలిచి ఉన్నప్పుడు ఇంజను ప్రశాంతంగానే తిరుగుతుంది. గట్టు ఎక్కేటప్పుడు మాత్రం ఆయాసపడుతుంది. సన్నని ధార చాలినంత సేపు పంపు బలహీనత బయటపడదు. పీడనమాపకం అమర్చి, బరువు పడినప్పుడు ఇంధన పీడనం నిలుస్తున్నదో లేదో చూడాలి. ఊహతో పంపు మార్చడం ఖరీదైన అలవాటు.

ఇక నిప్పురవ్వ. మరమ్మతులో స్పార్క్ ప్లగ్గు వలె నిజం చెప్పే సాక్షి మరొకటి లేదు. దాని కొస లేత గోధుమరంగులోనో బూడిదరంగులోనో ఉంటే దహనం సక్రమంగా జరుగుతున్నట్లు. పొడి మసి పట్టి ఉంటే ఇంధనం ఎక్కువైందని, నూనె జిడ్డు తేలితే లోపల ఇంజను ఆయిలు కాలుతున్నదని, తెల్లబారితే వేడి మితిమీరిందనో ఇంధనం చాలలేదనో గ్రహించాలి. 1983లో వచ్చి 2014 వరకు తయారైన మారుతి 800 మూడు సిలిండర్ల బండి. అటువంటి ఇంజనులో ఒక ప్లగ్గు పనిచేయకపోతే మూడింట ఒక వంతు శక్తి పోయినట్లే. మిగిలిన రెండూ దానిని కూడా మోయవలసి వస్తుంది. ఆ రోజులలో మెకానిక్కులు ఒక్కొక్క ప్లగ్గు తీగను తొలగించి చూసేవారు. తీగ తీసినా ఇంజను తీరు మారకపోతే ఆ సిలిండరు ముందే చచ్చిపోయిందని నిర్ణయం. నేటి కార్లలో ఈ పద్ధతి తగదు. కాయిళ్లు చెడవచ్చు, కాలని పెట్రోలు పొగగొట్టంలోకి చేరుతుంది కూడా.

ఆ పెట్రోలు చేసే చెరుపు ఇంతా అంతా కాదు. అది కెటలిటిక్ కన్వర్టరులో మండి, తేనెపట్టువంటి పింగాణి అరలను కరిగిస్తుంది. మార్గం మూసుకుపోతుంది. పొగ బయటికి పోనిచోట కొత్త గాలికి చోటెక్కడిది? ఇక్కడ తొందరపడి కన్వర్టరు ఒక్కటే మార్చే యజమానులున్నారు. సరిగా మండని సిలిండరును బాగుచేయకుండా కొత్తది బిగిస్తే, దానికీ అదే గతి పడుతుంది. పెద్ద ఖర్చు రెండుసార్లు!

ఇవన్నీ సరిగా ఉన్నా బండి లాగకపోతే సంపీడనం పరీక్షించాలి. ఇంధనాన్ని, నిప్పురవ్వను ఆపివేసి, ప్లగ్గు స్థానంలో మాపకం అమర్చి ఇంజనును స్టార్టరుతో తిప్పుతారు. ఒక సిలిండరులో పీడనం తక్కువగా కనిపిస్తే అందులో కొద్దిగా ఇంజను ఆయిలు పోసి మళ్లీ కొలుస్తారు. పీడనం పెరిగితే పిస్టను రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వులనో, హెడ్ గాస్కెట్టునో అనుమానించాలి. ఒక్క చెంచా నూనెతో ఇంత పెద్ద తీర్పు చెప్పగలగడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

నేటి కారులో కంప్యూటరు దోషాన్ని తానే నమోదు చేసి, ఇంజను బొమ్మ గల దీపం వెలిగిస్తుంది. కొన్ని దోషాలకు శక్తిని కావాలనే తగ్గిస్తుంది. స్కానరు తగిలిస్తే ఒక సంకేతం కనిపిస్తుంది. ఉదాహరణకు పి0171 అనే సంకేతానికి అర్థం ‘గాలి పాలు ఎక్కువైంది’ అని మాత్రమే. ‘ఆక్సిజన్ సెన్సరు చెడిపోయింది’ అని కాదు. గాలిగొట్టం చీలి ఉండవచ్చు, ఇంధన పీడనం పడిపోయి ఉండవచ్చు. సంకేతాన్ని లక్షణంగా తీసుకుని పరీక్షించేవాడు మెకానిక్. దాన్నే తీర్పుగా తీసుకునేవాడు విడిభాగాల వర్తకుడు.

ఫిల్టరు, ప్లగ్గులు, పంపు, సెన్సరు ఒకేసారి మార్చివేస్తే బండి బాగుపడవచ్చు గాని, దేనివల్ల బాగుపడిందో ఎవరికీ తెలియదు. ఒక్కొక్క మార్పు చేసి, ముందు ఏ గట్టు మీద, ఎంతమందితో ఆయాసపడిందో అదే గట్టు మీద, అంతమందితో మళ్లీ నడిపి చూడాలి.