శాసనాల పటం: సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: ఆంధ్ర, తెలంగాణల్లో దొరికి అచ్చయిన శాసనాల వివరాలు మా బృందం డేటాబేస్‌లోకి ఎక్కిస్తోంది. వేలల్లో ఉన్నాయి. అన్నిటినీ మ్యాప్ మీద పెడితే తెరంతా ఎర్రచుక్కల ముద్ద అయింది, ఫోన్ మొరాయిస్తోంది. ఏం చెయ్యాలి?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: అన్నీ ఒకేసారి పంపకండి. తెర నాలుగు మూలల మధ్య ఎన్ని శాసనాలున్నాయో అంతవరకే సర్వర్‌ని అడగాలి. అందుకు డేటాబేస్‌లో స్థానాలకు ప్రత్యేకంగా ఇండెక్స్ కట్టాలి. స్థానాల డేటాబేస్ పోస్ట్‌జీఐఎస్ వాడుతుంటే అది ఒక్క ఆజ్ఞతో అయ్యే పని. ఇండెక్స్ లేకపోతే మ్యాప్‌ని కాస్త జరిపినప్పుడల్లా సర్వర్ మొదటి వరస నుంచి చివరిదాకా వెతుక్కుంటుంది.

ముద్ద విడిపోవాలంటే, దూరం నుంచి చూసేటప్పుడు దగ్గర దగ్గర చుక్కల్ని కలిపి, లోపల సంఖ్య వేసిన ఒక్క వృత్తంగా చూపండి. వెబ్ మ్యాప్‌లు తయారుచేసే లీఫ్‌లెట్‌లోనూ మ్యాప్‌లిబర్‌లోనూ దీనికి సిద్ధంగా సాధనాలున్నాయి. అయితే అవి అన్నిచోట్లా సరిపోవు. తిరుమల తిరుపతి గుళ్ళలో వెయ్యికి పైగా శాసనాలున్నాయి. ఒకే గోడ మీద వరసగా ఉన్నవాటిని ఎంత జూమ్ చేసినా ఆ వృత్తం విడిపోదు, నొక్కీ నొక్కీ చూసేవాళ్ళకి విసుగొస్తుంది. అలాంటి చోట మ్యాప్ పని అయిపోయినట్టే. నొక్కగానే కాలక్రమంలో జాబితా తెరుచుకోవాలి.

ఇంకో మాట. ముందు మొత్తం చూపాలి, ఆ తర్వాత దగ్గరికి తీసుకెళ్ళి వడకట్టనివ్వాలి, అడిగినప్పుడే వివరం చెప్పాలి అని 1996లో కంప్యూటర్ శాస్త్రవేత్త బెన్ ష్నైడర్‌మన్ ఒక క్రమం చెప్పారు. ఇలాంటి మ్యాప్‌లు తయారుచేసేవాళ్ళలో చాలామంది దాన్నే పాటిస్తారు. మీ విషయంలో మాత్రం ఊరిపేరు వెతికే గడినే ముందు పెట్టమంటాను. ఎక్కువమంది ‘మా ఊళ్ళో ఏముంది’ అనే వస్తారు. ఓరుగల్లు అని కొట్టినా వరంగల్ అని కొట్టినా, రాజమండ్రి అన్నా రాజమహేంద్రవరం అన్నా అదే ఊరు దొరకాలి.

ప్రశ్న: పాత సంపుటాల్లో ఊరు, తాలూకా తప్ప మరేమీ లేవు. పైగా జిల్లాలన్నీ మారిపోయాయి. చుక్క ఎక్కడ పెట్టమంటారు?
- ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ఈ పనంతటిలో ముఖ్యమైన ప్రశ్న ఇదేనమ్మా. ఊరు మాత్రమే తెలిసినప్పుడు ఊరి నడిమధ్య గుర్తు పెట్టడమంటే అబద్ధం చెప్పడమే. దాన్ని నమ్మి ఎవరో బయల్దేరతారు. రాయేమో ఊరవతల చెరువుకట్ట మీద ఉండొచ్చు. స్థానం ఎంతవరకు ఖాయమో చెప్పే గడి ఒకటి ప్రతి శాసనానికీ కలపండి. రాయి దగ్గర నిలబడి జీపీఎస్‌తో తీసుకున్నదైతే నిండు చుక్క. ఊరి వరకే తెలిస్తే గుల్ల వలయం. తాలూకా వరకే తెలిసినవాటిని మ్యాప్ మీద పెట్టనే వద్దు, పక్కన జాబితాలో ఉంచండి.

జిల్లాని ఆధారం చేసుకోకండి. 1905లో నెల్లూరు జిల్లా శాసనాలు సంపుటాలుగా వచ్చాయి. కందుకూరు అప్పుడు నెల్లూరు జిల్లాలోది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డప్పుడు అందులోకి వెళ్ళింది, 2022లో తిరిగి నెల్లూరులో చేరింది. ఇన్ని మారినా రాయి మాత్రం కదల్లేదు. అందుకే అక్షాంశ రేఖాంశాలనే మూలంగా పెట్టుకుని, జిల్లా సరిహద్దుల్ని ఏ ఏడాదివో రాసి వేరే పొరలుగా పరవండి. సంపుటంలో అచ్చయిన జిల్లాపేరు చెరపకండి, పరిశోధకులు దాంతోనే వెతుకుతారు.

కదిలిన రాళ్ళూ ఉన్నాయి. అమరావతి స్తూపం శిల్పాలు చెన్నై మ్యూజియంలోనూ లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. దొరికిన చోటుకీ ఇప్పుడున్న చోటుకీ వేరువేరు గడులుండాలి. చుక్క మాత్రం దొరికిన చోటే పడాలి.

అక్షాంశం, రేఖాంశం తారుమారు కావడం మామూలే. హైదరాబాద్ 17.4, 78.5. తిరగేస్తే ఉత్తర ధ్రువం దాపున నార్వేవాళ్ళ స్వాల్‌బార్డ్‌లో తేలుతుంది. ఖాళీ గడుల్లో సున్నాలు పడితే ఆ శాసనాలు ఆఫ్రికా పక్కన గినీ సింధుశాఖలో ఉన్నట్టు కనిపిస్తాయి. దొరికిన చోటు అక్షాంశం 12-20, రేఖాంశం 76-85 మధ్య లేకపోతే డేటాబేస్ తీసుకోకుండా కట్టడి చెయ్యండి.

ప్రశ్న: మా మ్యాప్‌లో కొన్ని జిల్లాలు చుక్కలతో కిక్కిరిసి ఉన్నాయి, కొన్ని బోసిగా ఉన్నాయి. అక్కడ శాసనాలు వేయించలేదనుకోవాలా?
- ఒక విద్యార్థి, ఖమ్మం

జవాబు: అనుకోకూడదు. అలా అనుకునే వీలు మీ మ్యాప్ ఇవ్వకూడదు కూడా. నెల్లూరు చుక్కలు ఎక్కువగా కనిపించడానికి అక్కడి రాజులు ఒక్కరే కారణం కాదు. పైన చెప్పిన 1905 సంపుటాల సంకలనకర్తలు బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి ఆ జిల్లాని అంత శ్రద్ధగా గాలించి మూడు సంపుటాలు అచ్చు వేయించారు. ఎవరూ వెళ్ళని మండలమూ, వెళ్ళి వెతికినా ఏమీ దొరకని మండలమూ ఇప్పుడు ఒకే తెలుపులో ఉన్నాయి. సర్వే జరిగిన మేర చూపే పొర ఒకటి వేసి, వెతకని చోట్లకి బూడిదరంగు గీతలు కొట్టండి. అడుగున ఆ రంగుకి అర్థం తెలుగులో రాయండి. ఈ పొర దాచి ఉంచి అడిగినప్పుడు చూపేది కాకూడదు, మ్యాప్ తెరవగానే కనిపించాలి. బూడిదరంగు మండలంలో ఎవరైనా రాయి చూసి ఉంటే ఫొటో పంపేందుకు అక్కడే ఒక బొత్తాం పెట్టండి.

ప్రశ్న: శతాబ్దాల వారీగా చూపే స్లైడర్ పెట్టాం. తేదీ లేని శాసనాలు మాయమైపోతున్నాయి.
- అదే విద్యార్థి

జవాబు: తేదీకి ఒక్క గడి కాకుండా ‘నుంచి’, ‘వరకు’ అని రెండు పెట్టండి. శక 1000 అని ఉంటే క్రీ.శ. 1078-79. లిపిని బట్టి 12వ శతాబ్ది అన్నారంటే 1101 నుంచి 1200 వరకు. స్లైడర్ ఆ మధ్య ఎక్కడున్నా ఆ శాసనం కనిపించాలి, కాస్త లేతరంగులో. అసలేమీ తెలియనివి ఎన్నున్నాయో స్లైడర్ పక్కనే సంఖ్య వేసి, నొక్కితే జాబితా తెరిచేలా చెయ్యండి.