ఏటి ఇసుక

పెన్న కర్ణాటకలో పుట్టి, హిందూపురం వద్ద మన రాష్ట్రంలోకి వస్తుంది. ధర్మవరం పక్కన చిత్రావతి పారుతుంది. రెండూ ఎక్కువ రోజులు ఎండి ఉండే ఏర్లే. అయినా ఇసుకలో చెలమ తీస్తే నీళ్ళు ఊరేవి. ఎందుకు? ఇసుక వాననీటిని పట్టి ఉంచుతుంది. మెల్లగా భూమిలోకి దించుతుంది. ఒడ్డున ఉన్న బోర్లకు ఆ నీరే ఆధారం.

పెనుకొండ వైపు పాత మట్టి మిద్దెలకు ఇంత ఇసుక పట్టేది కాదు. ఇప్పుడన్నీ సిమెంటు ఇళ్ళు. ఇసుకంతా తోడేస్తే బోరు ఎండుతుంది. బిందె పట్టుకుని దూరం పోయేది ఆడవాళ్ళే కదా!

ఊటనీరు దెబ్బతినే చోట ఇసుక తవ్వకం ఆపించవచ్చని 2002 నాటి వాల్టా చట్టం చెబుతోంది. కానీ ట్రాక్టరుకు ఇసుక ఎత్తే కూలీలూ ఆ ఊరివాళ్ళే. అందుకే చాలామంది నోరు తెరవరు.

రాతిని పొడి చేసిన ఇసుకతోనూ ఇల్లు కట్టవచ్చు. మేస్త్రీలు దాన్ని తొందరగా నమ్మరు. కంకర మిషను దుమ్మునే ఇసుక అని అమ్మేవాళ్ళు ఉన్నారు మరి! కొనేముందు చేత్తో రుద్ది చూడాలి. పిండిలా అంటుకుంటే దుమ్ము ఎక్కువ ఉన్నట్టే.