నల్లమల పయనమునకు తేలిక గుడారము

ప్రశ్న: వేసవిలో మిత్రులమిద్దరము మన్ననూరు మీదుగా అమ్రాబాదు అడవులకు పోదలచితిమి. వీపున మోయదగిన గుడారము ఎట్టిది కొనవలెను?

జవాబు: గుడారము మాట తరువాత. మీరు పోదలచినది పులుల రక్షితారణ్యమగుటచే, అటవీశాఖ అనుమతి లేక అందు రాత్రి విడియరాదు. మన్ననూరు, దోమలపెంటల నడుమ రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 వరకు వాహనములనే పోనీయరు. కావున ముందుగా మన్ననూరులో అటవీ అధికారులను విచారించి, వారు చూపిన చోటనే దిగుడు. ఆ అడవిలోని సలేశ్వరము జాతర దినములలో సైతము అచ్చటి లోయలో బస చేయు తలంపు వలదు.

ఇద్దరి గుడారము 2 కిలోలకు మించరాదు. బరువు తగ్గుననెడి ఆశతో ఒంటిపొర గుడారము కొందురేమో. తెల్లవారుసరికి మన ఊపిరిలోని తేమయే లోపలి గుడ్డపై బిందువులై పడకను తడుపును. లోన దోమతెర, పైన వానగుడ్డ వేఱువేఱుగా నున్నదే మేలు: చైత్రవైశాఖముల ఉక్కలో పైపొర తీసివేసి, గాలి ఆడునట్లును, దోమలు తేళ్లు చొరకుండునట్లును నిదురింపవచ్చును. చేతికఱ్ఱలపై నిలుచు గుడారములు మిక్కిలి తేలికయే గాని, వాని బలిమి యంతయు మేకులయందే యున్నది. అమ్రాబాదు పీఠభూమి రాతినేలలో మేకు రెండంగుళములు దిగుటకే సుత్తికి చెమటపట్టును. తన ఊచలపై తాను నిలుచునదే ఇచ్చట తగును. ఊచలు అల్యూమినియమువి కావలెను. ఫైబర్‌గ్లాసువి చౌకయే, కాని బరువెక్కువ, పైగా చీలును. (ఆ ఈనె వేలిలో దిగినవారు మఱల కొనరు.) అడుగున పలుచని పట్టా యొకటి పఱచుడు. ఆహారము లోపల నుంచకుడు. ఎలుగుబంట్లు తిరుగు తావు.