న్యాయవిద్య ప్రవేశపరీక్షకు ఒక సంవత్సరము

ఇంటర్మీడియట్ ముగించిన పిల్లవాడు కళాశాలలో చేరక ఇంటివద్దనే చదువుకొనుచున్నచో, పరీక్ష తప్పినాడు కాబోలునని ఊరివారు తలచుట కలదు. ఆడపిల్ల అయినచో, ఖాళీగానే యున్నది గదా యని పెండ్లి మాటలు మొదలగును. న్యాయవాదులు కాగోరు పిల్లల విషయమున ఈ తలంపు ఎంతవరకు సమంజసమో పంచాయతీ సభ్యులతో కలిసి విచారింపగోరుచున్నాము.

ఏడాది ఎందులకు?

హైదరాబాదులోని నల్సార్, విశాఖపట్టణములోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయము మున్నగు సంస్థలలో అయిదేండ్ల న్యాయవిద్యకు క్లాట్ అను పరీక్ష వ్రాయవలెను. 2008లో మొదలైన ఈ పరీక్ష ఇటీవలి సంవత్సరములలో డిసెంబరునందు జరుగుచున్నది. ఇంటర్ పరీక్షలు దాని తరువాత వచ్చును. కావున ఇంటర్ ముగిసిన పిమ్మట ఈ సంగతి తెలిసికొన్న గ్రామీణ విద్యార్థికి ఆ ఏటి అవకాశము అప్పటికే దాటిపోయి యుండును. మరుసటి డిసెంబరు వరకు సాధన చేయుట సోమరితనము కాదు. ఈ పరీక్షకు గరిష్ఠ వయఃపరిమితియు లేదు.

ఏమి చదువవలెను?

రెండు గంటలలో 120 ప్రశ్నలకు సమాధానము లీయవలెను. ఇంగ్లీషు, వర్తమాన విషయములు, న్యాయసంబంధమైన తర్కము, సామాన్య తర్కము, గణితము అని భాగములు అయిదు. తప్పు సమాధానమునకు పావు మార్కు తగ్గింతురు. చట్టములను కంఠస్థము చేయనక్కరలేదు. ఇచ్చిన పేరాను చదివి, అందలి సూత్రమును ప్రశ్నకు అన్వయింపవలెను. ప్రశ్నపత్రము ఇంగ్లీషులోనే యుండును. తెలుగు మాధ్యమమున చదివినవారికి అసలైన కష్టమిదియే. ప్రతిదినము ఇంగ్లీషు పత్రిక చదువుట, గడియారము ముందుంచుకొని పాత ప్రశ్నపత్రములు వ్రాయుట దీనికి మందు.

జాగ్రత్తలు

సీట్లు తక్కువ, ఫీజులు ఎక్కువ. అప్పుచేసి శిక్షణకు పంపుటకు ముందు, ఇంటివద్ద రెండు నెలలు చదివించి పట్టుదలను చూచుట మేలు. గడువు ఒక్క ఏడాదియే యని ముందుగనే నిర్ణయించుకొనవలెను. క్లాట్‌లో సీటు రాకున్నను, తరువాత జరుగు లాసెట్‌ను వ్రాయవచ్చును. అది తెలుగులోను ఉండును. తప్పులకు మార్కులు తగ్గింపరు. ఏడాది ఆగు స్తోమత లేనివారు డిగ్రీ చదివి, పిమ్మట మూడేండ్ల న్యాయవిద్యలో చేరవచ్చును. ఆ తలుపు ఎన్నడును మూయబడదు.

పంచాయతీ చేయదగినది

గ్రంథాలయమునకు ఒక ఇంగ్లీషు దినపత్రిక తెప్పింపుడు. సాయంకాలము దీపము, బల్ల, నిశ్శబ్దము సమకూర్పుడు. ఇంటర్ మొదటి సంవత్సరముననే పిల్లలకు ఈ పరీక్షల సంగతి తెలుపుడు. అట్లైన పెక్కుమందికి ఏడాది ఆగవలసిన అవసరమే రాదు. ఇంటనున్న ఆడపిల్లకు వంటపని, పశువుల పని అప్పగించి చదువుమనుట న్యాయము కాదని తల్లిదండ్రులకు నచ్చజెప్పుడు.

గట్టు తగాదాకు, పాసుపుస్తకము చిక్కునకు నేడు పట్టణమునకు పరుగెత్తుచున్నాము. ఆ కాగితములను చదివి చెప్పగల బిడ్డ మన ఊరనే యుండిన, ఆ ఒక్క సంవత్సరము ఊరికి నష్టము కాదు.