పని ఆగకుండా చూడటమే మన పని

విజయవాడలో నేను కంప్యూటర్ల రిపేరు వృత్తిలోకి వచ్చేనాటికి విండోస్ 98 నడుస్తోంది. ఫ్లాపీలో బిల్లులు తెచ్చుకుని, మోడెమ్ కూత పెట్టాక నెట్ కలిసిందని సంబరపడే రోజులవి. ఇప్పుడు డేటా ముంబైలోనో హైదరాబాద్‌లోనో ఎవరి సర్వర్‌లోనో ఉంటోంది. యంత్రాలు ఇంత మారినా ఫోన్ ఎత్తగానే వినిపించే మాట మాత్రం మారలేదు: “పని ఆగిపోయిందండీ, కాస్త తొందరగా రండి.” ఆ ఫోన్లు చేసేది ఆటోనగర్ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు, ఆడిటర్లు, డయాగ్నొస్టిక్ సెంటర్లు, ప్రెస్సులు, చిన్న స్కూళ్లు. పెద్ద కంపెనీలు వీళ్ల గడప తొక్కవు. ఒకరో ఇద్దరో నడిపే మనలాంటి షాపులే వీళ్లకు ఆధారం. డిప్లొమానో బీటెక్కో చేసి, ఊళ్లోనే సొంతంగా నిలబడదామనుకునే పిల్లలు ఈమధ్య నా దగ్గరికి వస్తున్నారు. వాళ్లకు చెబుతున్న మాటలే ఇక్కడ రాస్తున్నాను.

1. కస్టమరు వ్యాపారం నేర్చుకోండి

రిపేరు ఎవరైనా నేర్చుకుంటారు. కస్టమరు వ్యాపారం ఎలా నడుస్తుందో తెలిసినవాడికే రెండోసారి ఫోన్ వస్తుంది.

ఆడిటర్ ఆఫీసునే తీసుకోండి. నెలనెలా వేసే వ్యాపారులకు 11వ తేదీ జీఎస్టీఆర్-1కు గడువు, 20వ తేదీ జీఎస్టీఆర్-3బికి గడువు. ఆ తేదీలు దగ్గర పడ్డాక అక్కడ అప్‌డేట్లు పెట్టకూడదు, కేబుళ్లు కదపకూడదు, కొత్త వెర్షన్ మాట ఎత్తకూడదు. ఆదాయపు పన్ను గడువులుండే జూలై, సెప్టెంబరు నెలాఖర్లలో అయితే మరీను. డిజిటల్ సంతకం టోకెన్‌ను కంప్యూటర్ గుర్తించడం లేదని 20వ తేదీ సాయంత్రం ఫోన్ వస్తే అన్నం ముందునుంచి లేచి వెళ్లాల్సిందే. అదే ఆఫీసులో 25న ప్రింటర్ మొరాయిస్తే మర్నాడు వెళ్లినా ఎవరూ ఏమీ అనుకోరు. ఏ కాల్ అత్యవసరమో గొంతును బట్టి కాదు, క్యాలెండర్‌ను బట్టి తెలుస్తుంది.

ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ చూసి కొత్త కుర్రాళ్లు “ఇంకా ఇదేనా, లేజర్ కొనుక్కోండి” అంటుంటారు. సరుకు పంపినవాళ్లకు, అందుకునేవాళ్లకు, డ్రైవరుకు, ఆఫీసుకు లారీ రసీదు కార్బన్ కాపీలు ఒకేసారి రావాలి. ప్రింటర్ సూది కాగితాన్ని గుద్దితేనే కింది కాపీ మీద అక్షరం పడుతుంది. లేజర్‌కు గుద్దే గుణం లేదు. ఈ సంగతి తెలియకుండా ఇచ్చిన సలహా ఆ ఆఫీసుకు నష్టమే.

ప్రెస్సుల సంగతి ఇంకొంచెం చెప్పాలి. బెజవాడ తెలుగు పుస్తకాల ఊరు. ఇక్కడ డీటీపీ చేసేవాళ్లలో చాలామంది ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే కంపోజ్ చేస్తారు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. అడోబ్ దాన్ని ఎప్పుడో వదిలేసింది. అయినా ఆ పాత మెషిన్‌ను చూసి చిన్నచూపు పనికిరాదు. దశాబ్దాల తెలుగు పుస్తకాలు ఆ ఫైళ్లలోనే ఉన్నాయి. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు పెట్టి తయారుచేసిన ఫాంట్లవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పేజీ నిండా అర్థంలేని గుర్తులే కనిపిస్తాయి. ఆపరేటర్ వేళ్లు కూడా ఆ కీబోర్డుకే అలవాటుపడి ఉంటాయి. అలాంటిచోట పాత మెషిన్‌ను నెట్‌కు కలపకుండా విడిగా ఉంచాలి. ఫైళ్లకు రెండు మూడు కాపీలు తీసిపెట్టాలి. కొత్త పుస్తకాలను ఒక్కొక్కటిగా యూనికోడ్‌లోకి మళ్లించే దారి చూపించాలి. అన్నీ ఒక్కరోజులో మార్చేస్తానని దిగితే ఆ ప్రెస్సు నెల రోజులు మూతపడుతుంది.

2. స్క్రూడ్రైవర్ తీసే ముందు డేటా సంగతి అడగండి

ఇది మొదటి పాఠంగా రాయాల్సిందేమో. “ఫార్మాట్ కొట్టేద్దాం” అన్నంత తేలికైన మాట మన వృత్తిలో ఇంకోటి లేదు, అంత ప్రమాదమైనదీ లేదు. కొట్టే ముందు అడగాల్సినవి ఉన్నాయి. ట్యాలీ డేటా ఏ డ్రైవ్‌లో ఉంది? అంకెల పేర్లతో ఫోల్డర్లుంటాయి, అన్నీ తీసుకున్నామా? అవుట్‌లుక్ మెయిల్స్ ఎక్కడ దాగున్నాయి? స్కానర్ పంపే ఫోల్డర్ ఏది? బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌ల మాటేమిటి? కస్టమరు “అందులో ఏమీ లేదండీ, కొట్టేయండి” అంటాడు. ఆ మాట నమ్మొద్దు. డెస్క్‌టాప్ మీద ఉన్నదంతా ఎక్కడో భద్రంగా ఉందనే భ్రమ చాలామందిది.

బ్యాకప్ అంటే మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే చోట. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ ఫొటోల భద్రత కోసం రాసిన ఈ సూత్రం ఇవాళ ప్రపంచమంతా పాటిస్తోంది. మన దగ్గర అందరూ ఎగ్గొట్టేది ఆ చివరి ముక్కనే. బ్యాకప్ హార్డ్ డిస్కు సర్వర్ పక్కనే, అదే బల్ల మీద ఉంటుంది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద మా ఊరి సింగ్‌నగర్ మీద పడినప్పుడు దాని ఫలితం చూశాం. నీళ్లు రోజుల తరబడి తీయలేదు. గ్రౌండ్ ఫ్లోర్‌లో, నేల మీదే సీపీయూలు పెట్టుకున్న షాపుల్లో మెషినూ దాని బ్యాకప్ డిస్కూ కలిసే మునిగాయి. ఆర్నెల్ల లెక్కలను కాగితం బిల్లుల నుంచి మళ్లీ ఎక్కించుకున్నవాళ్లున్నారు. రాత్రిపూట డేటా కాపీ క్లౌడ్‌లోకి వెళ్లేలా పెట్టుకున్నవాళ్లు మాత్రం నీళ్లు తగ్గకముందే చుట్టాలింట్లో లాప్‌టాప్ మీద పని మొదలుపెట్టారు. తడిసిన డిస్కును వెంటనే కరెంటుకు కలిపి చూడొద్దని అప్పుడు కనబడ్డ ప్రతివాళ్లకూ చెప్పాను. బురద ఎండిన డిస్కు తిరిగితే లోపలి పలకలు గీసుకుపోతాయి. తర్వాత ల్యాబుకు పంపినా దక్కేది తక్కువే.

నీళ్లకంటే ఎక్కువగా వచ్చే ఆపద ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వైరస్. 2017 మే 12న వాన్నాక్రై వచ్చినప్పుడు మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. దాన్ని అడ్డుకునే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చిలోనే ఇచ్చింది. పెట్టుకున్నవాళ్లకు ఏమీ కాలేదు. 2020 లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి పనిచేయాలని రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ దారి బయటి నెట్‌కు తెరిచిపెట్టారు చాలామంది. తేలికైన పాస్‌వర్డ్, తెరిచిన తలుపు, ఆపైన తాళం పడ్డ ట్యాలీ. ఎప్పుడూ సర్వర్‌కు తగిలించి ఉండే డిస్కులోని బ్యాకప్‌కు కూడా ఆ వైరస్ తాళం వేస్తుంది. కాపీ తీశాక డిస్కు ఊడదీయండి. మూడు నెలలకోసారి ఆ కాపీ నుంచి ఒక ఫైలు వెనక్కి తెచ్చి, కస్టమరు ఎదుటే తెరిచి చూపించండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కపెట్టను.

3. కరెంటును అనుమానించండి

మాటిమాటికీ హ్యాంగ్ అవుతోందంటే విండోస్‌ను తిట్టేముందు మల్టీమీటర్ తీయండి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులు దాటితే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. యూపీఎస్ బ్యాటరీ మన ఎండలకు రెండుమూడేళ్లకే డీలా పడుతుంది. మార్చిన తేదీ దాని మీద మార్కర్‌తో రాసిపెట్టండి.

4. డబ్బు మాట ముందే, కాగితం మీద

మనవాళ్లలో పనిమంతులు చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు. చేతిలో విద్య ఉంటుంది, డబ్బడగడానికి మొహమాటం. “ఒక్కసారి వచ్చి చూసిపోరాదూ” అన్న పిలుపుకు పెట్రోలు మనది, అరపూట మనది. చూసినందుకు ఇంత అని మొదట్లోనే చెప్పేయండి. చెప్పిన తర్వాత ఆ పూట ఊరికే చేసినా మంచిదే. చెప్పకుండా చేస్తే మాత్రం ఇక ఎప్పటికీ ఊరికే చేయాల్సి వస్తుంది.

ఏఎంసీ (ఏడాది నిర్వహణ) ఒప్పందంలో ఏవి ఉన్నాయో, ఏవి లేవో రెండూ రాయాలి. విడిభాగాలు మనవా వాళ్లవా? సీసీ కెమెరాలు లెక్కలోకి వస్తాయా? యజమాని ఇంట్లో పిల్లల లాప్‌టాప్? ఆదివారం కాల్? ఎన్ని గంటల్లోపు వస్తాం? రెండు పేజీల కాగితం చాలు. అది లేని చోటే ఏడాది చివర గొంతులు లేస్తాయి.

సామాను అమ్మేటప్పుడు లాభం దాచకండి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాను అమ్మే చినాయ్ ట్రేడ్ సెంటర్ ధరలూ ఆన్‌లైన్ ధరలూ కస్టమరు ఫోన్‌లోనే ఉన్నాయి. బిల్లు మీద వస్తువు ధర వేరు, మన శ్రమ వేరుగా చూపిస్తే గౌరవంగా ఇస్తారు. నెమ్మదించిన పాత కంప్యూటర్‌కు ఎస్ఎస్‌డీ వేస్తే ఇంకో మూడేళ్లు నడుస్తుందని తెలిసీ కొత్తది అంటగట్టడం అన్యాయం. అలా వచ్చిన లాభం ఆ ఒక్క బిల్లుతో సరి.

బాకీల విషయంలో చట్టం మన వైపు ఉంది, చాలామందికి తెలియదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆన్‌లైన్‌లోనే అవుతుంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే అందులో రాసుకున్న గడువులో, ఎంత రాసుకున్నా 45 రోజులు దాటకుండా, మనకు డబ్బు కట్టాలి. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను నిబంధన కూడా తోడైంది: మనలాంటి చిన్న సంస్థలకు గడువులోగా కట్టని బిల్లును కొన్నవాళ్లు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేరు, కట్టిన ఏడాదే చూపించుకోవాలి. బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేయండి. మార్చి వచ్చేసరికి వాళ్ల ఆడిటరే మీ బాకీ గుర్తుచేస్తాడు.

5. దొంగ సాఫ్ట్‌వేర్ వేయొద్దు

“అందరూ వేస్తున్నారు కదా, మీరెందుకు వేయరు” అని అడుగుతారు. విండోస్‌నూ ఆఫీస్‌నూ ఊరికే యాక్టివేట్ చేసే ఆ చిన్న ప్రోగ్రామ్ పనిచేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపాలి. ఇంట్లో కుక్కను కట్టేసి కొత్తవాణ్ని లోపలికి పిలవడం లాంటిదది. లోపలికి ఇంకేం వచ్చిందో మనకు తెలియదు, దాని మీద బ్యాంకు లావాదేవీలు చేసేది మాత్రం మన కస్టమరు. ఉత్తరాలు, చిన్న లెక్కలు రాసుకునేవాళ్లకు లిబ్రెఆఫీస్ చాలు. అది ఉచితం, తెలుగు యూనికోడ్ చక్కగా పలుకుతుంది. కాదంటే ఆ కాల్ వదులుకోండి.

6. కంటపడింది కడుపులోనే ఉండాలి

ఇంటి పెద్దకు కూడా తెలియని సంగతులు మన టేబుల్ మీద తెరుచుకుంటాయి. జీతాల పట్టికలు, రోగుల రిపోర్టులు, ఆడపిల్లల ఫొటోలు. అవసరం లేని ఫోల్డర్ తెరవకూడదు. కాపీ తీసిన డేటాను పని అయ్యాక, కస్టమరు ఒప్పుకున్నాక, మన డిస్కు నుంచి చెరిపేయాలి. వాళ్ల పాత కంప్యూటర్ పాతసామాన్లకు వెళ్లేముందు డిస్కు తీసి పూర్తిగా తుడవాలి, లేదా వాళ్ల ముందే పగలగొట్టాలి. డిలీట్ నొక్కితే పోయినట్టు కాదు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. చట్టం రాకముందూ ఇది మన ధర్మమే. షాపులో పనిచేసే కుర్రాణ్ని చేర్చుకునేటప్పుడు పనితనం తర్వాత చూడండి, ఈ గుణం ముందు చూడండి.

కస్టమరు ఓటీపీ చెప్పి డబ్బు పోగొట్టుకున్నాడని తెలిస్తే వేరే ప్రశ్నలేవీ అడక్కుండా ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి. డబ్బు ఇంకా బ్యాంకుల మధ్య తిరుగుతున్న ఆ మొదటి గంటల్లోనే దాన్ని ఆపగలిగే వీలుంది. తిట్లు తర్వాత ఇంట్లోవాళ్లు ఎలాగూ తిడతారు. ఆ సమయంలో ఆయనకు మన నిబ్బరం కావాలి.

7. గడువులు ఏడాది ముందే చెప్పండి

సపోర్టు ఆగిన తేదీలు చూడండి: విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8, విండోస్ 7కి 2020 జనవరి 14, విండోస్ 10కి 2025 అక్టోబరు 14. ఈ తేదీలేవీ రహస్యాలు కావు, మైక్రోసాఫ్ట్ ఏళ్ల ముందే ప్రకటించింది. అయినా ప్రతిసారీ చివరి వారంలో గాభరా. ఏ కస్టమరు దగ్గర ఏ మెషిన్ ఉంది, ఎప్పుడు కొన్నది, విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అందులో ఉందా లేదా అని మన దగ్గర జాబితా ఉండాలి. ఏది ఈ ఏడాది మార్చాలి, ఏది వచ్చే ఏడాదికి ఆగుతుంది అని కాగితం ఇస్తే వాళ్లు డబ్బు సమకూర్చుకుంటారు. భయపెట్టి అమ్మడం వద్దు.

8. ఒంటరిగా ఉండకండి

మనకూ జ్వరం వస్తుంది, ఇంట్లో పెళ్లి వస్తుంది. అదే వృత్తిలో నమ్మకస్తులైన ఇద్దరు ముగ్గురితో మాట పెట్టుకోండి: నేను లేనప్పుడు నువ్వు, నువ్వు లేనప్పుడు నేను, కస్టమరును లాక్కోవడం లేదు. సీసీ కెమెరాలు, ఈపీఏబీఎక్స్, వెబ్‌సైట్లు అన్నీ ఒకడికే రావు. రానిదాన్ని వచ్చినవాడికి అప్పగిస్తే కస్టమరు మనల్ని ఇంకా నమ్ముతాడు.

ప్రతి కస్టమరుకూ ఒక ఫైలు రాయండి. రౌటర్ ఎక్కడుంది, ఏ కేబుల్ ఏ గదికి పోతుంది, నెట్ కనెక్షన్ ఎవరి పేరున ఉంది, బ్యాకప్ ఎటు వెళ్తోంది, లైసెన్సులు ఎప్పుడు తీరతాయి. ఒక ప్రతి మన దగ్గర, ఒకటి యజమాని బీరువాలో. డొమైన్ పేరు, క్లౌడ్ ఖాతా, ట్యాలీ లైసెన్సు కస్టమరు పేరున, కస్టమరు మెయిల్ మీదే ఉండాలి, మన మెయిల్ మీద ఉండకూడదు. రేపు ఆయన వేరొకరి దగ్గరికి వెళ్తానన్నా, మనకు బాకీ ఉన్నా, పాస్‌వర్డ్‌లన్నీ ఆ రోజే రాసిచ్చి, రిమోట్ సాఫ్ట్‌వేర్ తీసేసి, వచ్చిన కొత్తాయనకు అరగంట కూర్చుని అంతా చూపించి రావాలి. బాకీ వసూలుకు వేరే దారి ఉంది, నాలుగో పాఠంలో చెప్పాను.